పద్దెనిమిదో వస్తువు

తొలి ఏకాదశి నాడు మోటార్ హోమ్‌ను వానాకాలం నిల్వకు అప్పగించినప్పుడు, నిబంధనల ప్రకారం సామగ్రి జాబితాలో పద్దెనిమిదో వస్తువుగా ఉన్న పేడాడ కనకరత్నాన్ని కూడా దానితోపాటే అప్పగించారు. షెడ్డు గుమాస్తా ఆమె కుడి మణికట్టుకు అట్టముక్క కట్టి, దాని మీద బండి నంబరు రాసి, కింద గీత గీసి 18 అని వేశాడు. ముడి మరీ బిగుతుగా ఉందా అని అడిగాడు. లేదంది. రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా "గీతలు లేవు, సొట్టలు లేవు, మోకాళ్ళు అరిగాయి" అని రాసి యజమాని చేత సంతకం పెట్టించుకున్నాడు.

యజమాని అంటే ఆమె భర్త ధర్మారావు. రోడ్ల శాఖలో ముప్ఫైమూడేళ్ళు పనిచేసి ఇంజనీరుగా రిటైరయ్యాడు. శ్రీకాకుళం నుంచి నర్సీపట్నం దాకా ఆయన వేసిన రోడ్లు ఎన్నో ఉన్నాయి. వేయడమే గాని వాటి మీద ఒక్కనాడు ఊరికే తిరిగిన పాపాన పోలేదన్నది ఆయన బెంగ. అందుకని రిటైరవగానే చిన్న బస్సు చాసిస్ మీద మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మురుగు ట్యాంకు, ఫ్రిజ్జు అన్నీ అమర్చిన మోటార్ హోమ్ కట్టించి, దానికి ధర్మరథం అని పేరు పెట్టాడు. పేరులో తనకు కాస్త, ధర్మానికి కాస్త వాటా వచ్చిందని సంతోషించాడు.

ఇలాంటి బళ్ళన్నీ వానాకాలం నాలుగు నెలలూ నిల్వ కేంద్రంలో ఉండాలి. శ్రీమహావిష్ణువు తొలి ఏకాదశికి పడుకుని కార్తీక శుద్ధ ఏకాదశికి లేస్తాడు. ఆ నాలుగు నెలలూ సన్యాసులు కూడా ఉన్న ఊరు కదలరు. దేవుడూ సన్యాసులూ కదలని కాలంలో బళ్ళకు మాత్రం ఏం తొందరని ఎవరో పెద్దమనిషి ఫైలు మీద రాస్తే, కింది వాళ్ళు దాన్నే ఉత్తర్వుగా టైపు చేశారు. భోగాపురం దాటాక సరుగుడు తోటల వెనక రేకుల షెడ్లు వేశారు. బండిలో శాశ్వతంగా ఉండే వస్తువులను బండి నుంచి వేరు చేయకూడదన్నది ఆ ఉత్తర్వులో నాలుగో నిబంధన.

కనకరత్నం వస్తువు కావడానికి కారణం ధర్మారావు జాగ్రత్తే. రిజిస్ట్రేషన్ ఫారంలో సామగ్రి పట్టికకు పద్దెనిమిది వరసలున్నాయి. ఆయన బండిలో ఉన్నవి పదిహేడు. సర్కారు కాగితంలో ఖాళీ వరస వదిలితే తర్వాత ఎవడైనా అందులో ఏదైనా రాసేయగలడని ఆయన సర్వీసు పొడుగునా జూనియర్లకు పాఠం చెప్పాడు. వరస కొట్టేస్తే కొట్టివేతకు మళ్ళీ సంతకం, స్టాంపు. కాసేపు పెన్ను మూత కొరికి, పద్దెనిమిదో వరసలో "కనకరత్నం, 1" అని రాశాడు. తయారైన ఊరు టెక్కలి, సంవత్సరం 1966. ఉపయోగం అనే గడిలో పొయ్యికి వంట అనీ పంపుకు నీళ్ళు అనీ రాసిన మనిషి, ఇక్కడ "అన్నీ" అని రాశాడు. ఆ మాట రాస్తున్నప్పుడు ఆయనకు భార్య మీద గౌరవమే కలిగింది. ఆ సంగతి మాత్రం ఒప్పుకోవాలి.

ఉపయోగం గురించి ఆయన అబద్ధం రాయలేదు. కార్తీకం నుంచి జ్యేష్ఠం దాకా ధర్మరథం లంబసింగి వెళ్ళింది, అరకు వెళ్ళింది, గోపాల్‌పూర్ సముద్రం దాకా వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా ధర్మారావు పక్క పందిరి గుడ్డ లాగి, దాని కింద కుర్చీ వేసుకుని కొండల్నో అలల్నో చూశాడు. ఆ వేళకు కనకరత్నం నీళ్ళ ట్యాంకులో ఎంతుందో చూసేది. గ్యాసు ట్యూబు వాసన చూసేది. మురుగు ట్యాంకు మీట ఎక్కడ లాగాలో ఊరి పంచాయతీ మనిషిని అడిగి తెలుసుకునేది. పైకప్పు అతుకుల్లో జిగురు ఊడితే నిచ్చెన ఎక్కి పూసేది. తొమ్మిది కొండల ముందు నిలబడింది గాని, ఒక్కదాని ఆకారమూ ఆమెకు గుర్తు లేదు. చూడవచ్చిన ఆడవాళ్ళు ఇల్లే మీ వెంట వస్తోంది, ఎంత అదృష్టమమ్మా అనేవాళ్ళు. ఇల్లు వెంట వస్తే ఇంటిచాకిరీ ఏమైనా వెనకాల ఉండిపోతుందా అని ఆమె పైకి అనలేదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదని నవ్వి ఊరుకునేది.

నిల్వ పనులు మొదటిరోజే పూర్తయ్యాయి. బండి ట్యాంకులు ఖాళీ చేశారు, బ్యాటరీ తీగ ఊడదీశారు, ఎలుకలు దూరకుండా కన్నాల్లో ఇనుప పీచు కుక్కారు. ఇవన్నీ తను చేయాల్సినవే అనుకుని కనకరత్నం చీర కుచ్చిళ్ళు దోపుకుని ముందుకొస్తే, గుమాస్తా ఆమెను మర్యాదగా ఆపాడు. ఒక వస్తువును ఇంకో వస్తువు మరమ్మతు చేయకూడదట. తర్వాత ఆమె వంతు వచ్చింది. బ్యాటరీ తీసినట్టే ఆమె ఫోను తీసి కవరులో పెట్టి సీలు వేశారు. ఎక్కువకాలం ఒకేచోట బరువు మోస్తే టైర్లు అణిగిపోతాయని బండిని జాకీల మీద ఎత్తినట్టే, ఆమెను పడక్కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు ఎత్తుపీట మీద పెట్టించారు. బూజు పట్టకుండా ఫ్రిజ్జు తలుపు ఓరగా తెరిచి ఉంచాలి గనక ఆమె పక్కన కిటికీ తెరిచి ఉంచారు. అరిగిన కీళ్ళకు వారానికోసారి నువ్వులనూనె.

ఇంధనం మూడు పూటలా కంచంలో వచ్చేది. మొదటి మధ్యాహ్నం ఉల్లికారం పెట్టిన వంకాయ, మజ్జిగపులుసు వచ్చాయి. కనకరత్నం కంచం ముందు పెట్టుకుని పావుగంట అలాగే కూర్చుంది. ముందు తినాల్సిన వాళ్ళెవరో ఇంకా రాలేదనిపించింది. ఎవరూ లేరని, అన్నం తన కోసమే వేడిగా ఉందని అర్థమయ్యాక ఒక ముద్ద తింది. కూరలో ఉప్పు తక్కువైంది. తక్కువైనా తనది కాదు ఆ తప్పు. అది తట్టగానే ఆమెకు ఏడుపొచ్చింది. హాయిగా ఏడ్చింది. తనిఖీకి వచ్చినామె "తేమ బయటికి పోతోంది, మంచిదే" అని రాసుకుని వెళ్ళింది.

ఆ షెడ్డులో ఇలాంటి వస్తువులు పదకొండు. పదిమంది ఆడవాళ్ళు, ఒకాయన ఇల్లరికపుటల్లుడు. కనకరత్నానికి పక్క గదిలో ఉన్నది బొబ్బిలి నుంచి వచ్చిన సత్యవేణి. బండి ఆమె బావగారిది. భర్త పోయాక ఆమె వాళ్ళతోనే ఉంటోంది. ఆమెకు విడి వరస లేదు. టార్చిలైటు, తుడిచే గుడ్డలతో కలిపి "ఇతరములు" కింద వేశారు. వరస దక్కిన మీరు నయమని ఆమె కనకరత్నాన్ని వదినా అని పిలిచేది. ఇద్దరూ కాళ్ళు పీటల మీద పెట్టుకుని సరుగుడు చెట్ల మీద వాన పడటం చూసేవాళ్ళు. చూస్తే సరుగుడు చెట్టుకు ఒక ఆకారం ఉంటుందని కనకరత్నానికి ఆ శ్రావణంలోనే తెలిసింది.

ధర్మారావు విజయనగరంలో అన్నగారింట్లో దిగి, ప్రతి ఆదివారం వచ్చేవాడు. యజమానులు జాలీ అవతల నుంచి తమ వస్తువుల్ని చూసుకోవచ్చు. ఆయన చొక్కా మీద ఇస్త్రీ మడతలు వారం వారం తప్పుతూ వచ్చాయి. వదిన పెట్టే కాఫీ కషాయంలా ఉందని చెప్పాడు. తన కళ్ళజోడు తనకే దొరకడం లేదని చెప్పాడు. ఆఖరికి, అత్యవసర వినియోగం కింద ఆమెను ముందుగా విడిపించడానికి అర్జీ పెట్టానని చెప్పాడు. ఆ మాట విన్నాక కనకరత్నానికి కంటిమీద కునుకు లేదు. ఆమె ఈ నాలుగు నెలలైనా పూర్తిగా ఉండాలనుకుంది. ఇంకా నిజం చెప్పాలంటే, నాలుగు నెలల తర్వాత కూడా ఉండాలనుకుంది. కాని వస్తువు ఏమనుకుంటోందో రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

అర్జీకి నెల తర్వాత జవాబు వచ్చింది. బండి షెడ్డులో ఉండగా దాని భాగం ఒకటి బయట తిరిగితే, అది స్వయంగా కదిలే వస్తువు అవుతుంది. స్వయంగా కదిలేదాన్ని వేరే వాహనంగా రిజిస్టరు చేయాలి. ధర్మారావు దానికీ సిద్ధపడి అధికారి దగ్గరికి వెళ్ళాడు. అధికారి ఆయన్ను కూర్చోబెట్టి, చేయవచ్చు గాని అప్పుడు యజమాని అనే గడిలో కూడా ఆమె పేరే రాయాల్సి ఉంటుందని వివరించాడు. అలా ఇంతవరకు ఎవరూ అడగలేదు కనక ఆ ఫారం అచ్చు వేయించలేదు. అచ్చు వేయించమని రాసి పెడితే, అది వచ్చేసరికి రెండేళ్ళు పడుతుంది. ధర్మారావు అర్జీ వెనక్కి తీసుకున్నాడు. ఆదివారం ఆయన ఆ సంగతి దిగులుగా చెబుతుంటే కనకరత్నం ముఖం దిగులుగా ఉంచడానికి చాలా కష్టపడింది. ఆయన వెళ్ళాక ఆమె, సత్యవేణి ఒక గంట పాటు నవ్వుకున్నారు.

నవ్వు భాద్రపదం దాకానే. ఆశ్వయుజం వచ్చేసరికి విడుదల పరీక్షల జాబితా గోడకు అంటించారు. బండి బయటికి వెళ్ళేముందు ప్రతి వస్తువునూ నడిపి చూస్తారు. పొయ్యి వెలిగించి చూస్తారు, పంపు తిప్పి చూస్తారు. మనిషి వస్తువైతే యజమాని రోజూ వాడే మాట ఒకటి అంటాడు. ముప్ఫై సెకన్లలోపు కదిలితే పనిచేస్తున్నట్టు. కదలకపోతే ఆ వస్తువును వచ్చే సీజను దాకా షెడ్డులోనే ఉంచి, దాని చోట రేకు బిగించి బండిని పంపేస్తారు. పోయినేడు ఒక ఫ్రిజ్జు అలా ఉండిపోయింది. దానికి గుడ్డ కప్పి మూల పెట్టారు. రోజూ తుడుస్తున్నారు కూడా.

పరీక్ష చేసే అధికారితో తనకు వెళ్ళాలని లేదని చెబితే సరిపోదా అని కనకరత్నం అడిగింది. సత్యవేణి తల అడ్డంగా ఊపింది.

"నోరిప్పకండి వదినా. పోయినేడు నాను ఎళ్ళనని సెప్పినాను. 'శబ్దం చేస్తోంది' అని రాసీసి, ఇంకో గిన్నెడు నూనె రాసి పంపించీసినారు. శబ్దం చేసీది పనిచేసినట్టే లెక్కంట."

కార్తీక శుద్ధ ఏకాదశి పొద్దున్న ధర్మారావు గడ్డం గీసుకుని, తనే ఇస్త్రీ చేసుకున్న చొక్కాతో వచ్చాడు. కాలరు ఒకవైపు కాలింది. పరీక్ష చేసే ఆవిడ పేరు మజ్జి పైడితల్లి. నలభై ఏళ్ళుంటాయి. సాంకేతిక సహాయకురాలిగా పదమూడేళ్ళ సర్వీసు, ఇంతవరకు ఒక్క వస్తువు విషయంలోనూ తప్పు రాయలేదని పేరు. ఆవిడ రిజిస్టరు తెరిచి వరసగా నడిపింది. మంచం మడత పడింది. పొయ్యి నీలిమంటతో వెలిగింది. పంపు రెండుసార్లు దగ్గి నీళ్ళు పోసింది. పదిహేడూ అయ్యాయి. పైడితల్లి గోడ గడియారం చూసి, ధర్మారావు వైపు తిరిగి, మీరు రోజూ ఎలా అంటారో అలాగే అనండి, ఎక్కువ వద్దు తక్కువ వద్దు అంది.

ధర్మారావు గొంతు సవరించుకున్నాడు.

"కనకం, కాఫీ."

ఆ మాటలో కోపం లేదు, దర్పం లేదు. ఏనాడూ లేవు. అదే వచ్చిన చిక్కు. కనకరత్నం మోకాళ్ళు నాలుగు నెలల నువ్వులనూనెతో ఇరవయ్యేళ్ళ పిల్ల మోకాళ్ళలా ఉన్నాయి. అవి ఆమెను అడక్కుండానే పీట మీంచి లేవబోయాయి. ఆమె రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుంది. మనసును ఎక్కడో ఒకచోట కట్టేయాలని, బదిలీ అయిన ఊళ్ళలో తన వంటిళ్ళను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పాలకొండలో పొగ వెళ్ళే దారి లేని వంటిల్లు. పార్వతీపురంలో నడుం వంచితే గాని పట్టని వంటిల్లు. చోడవరంలో కుళాయి పెరట్లో ఉంది. రాజాంలో లారీ దిగిన పూటే అటక మీంచి పాము పడింది. ఆ పూట కూడా గంటలో కాఫీ ఇచ్చింది. ప్రతి ఊళ్ళోనూ సామానుతోపాటే లారీ దిగింది. సామాను జాబితా ధర్మారావు చేతిలో ఉండేది, అందులో ఆమె పేరు ఉండేది కాదు.

ఇరవయ్యో సెకను దాటాక ధర్మారావు మళ్ళీ పిలిచాడు.

"కనకం?"

ఈసారి కాఫీ అనలేదు. గొంతు సన్నగా వచ్చింది. తిరునాళ్ళలో తప్పిపోయినవాడు పిలిచినట్టు పిలిచాడు. కనకరత్నం కాళ్ళు పీట దిగి నేలకు ఆనాయి. ఆమెకు ఆయనంటే ఇష్టం. ఆ సంగతి ఆ క్షణంలో ఆమెకు చాలా ఇబ్బంది కలిగించింది. లేస్తే ఏమవుతుందో తెలుసు. ఆయన సంతోషిస్తాడు, కాఫీ బాగుందంటాడు, పదకొండు గంటలకు బండి అరకు దారి పడుతుంది. కొండ వస్తుంది, ఆమె ట్యాంకు చూస్తుంది. కనకరత్నం నేల మీద ఆనిన కాళ్ళను అక్కడే ఉంచి, నర్సీపట్నం వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ కిటికీ ఉండేది. అందులోంచి ఏం కనబడేదో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. ఏం కనబడేదా అని వెతుకుతూ ఉండగానే పైడితల్లి గొంతు వినబడింది.

"ముప్ఫై. స్పందన లేదు."

గుండెల మీంచి రోలు దించినట్టయింది కనకరత్నానికి. పక్క గదిలో సత్యవేణి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

ధర్మారావు జాలీ దాకా వచ్చాడు. "ఒంట్లో బాగోలేదేటి?" అన్నాడు. ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆయన అడగడం అదే మొదటిసారి. ఆయనకు అడిగే అవసరం రాకుండా ఆమె చూసుకుంది మరి.

"బాగానే ఉందండీ," అంది కనకరత్నం. "ఇంత బాగా ఎప్పుడూ లేదు."

ధర్మారావు చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడు అంతకన్నా కాదు. లెక్క చూపిస్తే అర్థం చేసుకునే మనిషి. వంతెనకైనా ఏడాదికోసారి బరువు ఆపి పగుళ్ళు చూస్తాం, ఇన్నేళ్ళూ నాకు తట్టలేదని నెమ్మదిగా అన్నాడు. తర్వాత పైడితల్లి చూపించిన చోట సంతకం పెట్టాడు. పద్దెనిమిదో వస్తువు చోట బిగించాల్సిన రేకును చంకలో పెట్టుకుని బండి దాకా వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, కాఫీ ఎలా పెట్టాలని అడిగాడు. నిల్వలో ఉన్న వస్తువు తన వాడుక విధానం చెప్పడానికి అభ్యంతరం లేదని పైడితల్లి అనుమతించింది.

కనకరత్నం చెప్పింది. ముందు ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో చూడాలి. లేకపోతే ఊళ్ళో కుళాయి ఎవరిదో కనుక్కోవాలి. వాళ్ళను పలకరించాలి. వాళ్ళ పిల్లల చదువు అడగాలి. గొట్టం కడగాలి. గ్యాసు ట్యూబు చూడాలి. పాలు నిన్నటివైతే వాసన చూడాలి. ధర్మారావు పందొమ్మిదో మెట్టు దగ్గర పుస్తకంలో పేజీ తిప్పి, ఇంకా పొయ్యి వెలిగించనే లేదు కదా అన్నాడు. ఇంకా లేదండి అంది. ఆయన ముప్ఫై ఒకటి దాకా రాసుకుని, పుస్తకం రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాడు. ధర్మరథం గేటు దగ్గర రెండుసార్లు ఆగిపోయి, మూడోసారి రోడ్డెక్కింది. ఆమెకు దిగులు వేయలేదు. వేయనందుకు కాసేపు దిగులు వేసింది. తర్వాత అదీ పోయింది.

మధ్యాహ్నం పైడితల్లి అట్టముక్క మార్చడానికి వచ్చింది. వచ్చే తొలి ఏకాదశి దాటి మళ్ళీ కార్తీకం దాకా కొత్త తేదీ వేసి ముడి కట్టింది. కట్టాక వెళ్ళకుండా, ఖాళీగా ఉన్న పీట మీద కూర్చుంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది.

"ఎలగ కూకోగలిగినారమ్మా? మొగుడు పిలిస్తే లెగకండా ఉండడం నా పదమూడేళ్ళ సర్వీసులో సూణ్ణేదు."

వంటిళ్ళు లెక్కపెట్టుకున్నానని కనకరత్నం చెప్పింది. పాలకొండతో మొదలుపెట్టాలని, ఒక్కో వంటింట్లో ఏది చేతికందేదో ఏది అందేది కాదో గుర్తు తెచ్చుకుంటే ముప్ఫై సెకన్లు తెలియకుండా గడుస్తాయని వివరించింది. పైడితల్లి శ్రద్ధగా విన్నది. తనకు రెండే వంటిళ్ళని, పుట్టింటిదొకటి, అత్తారింటిదొకటి, అవి చాలవేమోనని అనుమానపడింది. కళ్ళు మూసుకుని లెక్కపెట్టి చూడమంది కనకరత్నం. పైడితల్లి కళ్ళు మూసుకుంది. పుట్టింటి వంటింట్లో గూడు, గూట్లో ఉప్పుజాడీ దాకా వచ్చింది.

అప్పుడు ఆవిడ ఫోను మోగింది. ఇంటి నుంచి. రెండోసారి మోగకుండానే పైడితల్లి లేచి నిలబడి ఉంది. ఇనప్పెట్టె తాళం బియ్యం డబ్బాలో ఉందని చెబుతూ, సాయంత్రం పులుసు తను వచ్చాకే పెడతానని చెబుతూ, వరండా దాటి వెళ్ళిపోయింది. రిజిస్టరు పీట మీదే మరిచిపోయింది. కనకరత్నం గోడ గడియారం వైపు చూసింది. పైడితల్లి లేవడానికి రెండు సెకన్లు పట్టింది. చక్కగా పనిచేస్తోంది అనుకుని, కాళ్ళు మళ్ళీ ఎత్తి పెట్టుకుంది.